కారు బ్యాటరీ తిరగేసి బిగిస్తే ఏమవుతుంది? ముందు చూడాల్సింది ఈసీయూ కాదు, ఫ్యూజు

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు. కొత్త బ్యాటరీ వచ్చింది. పాతది తీసి, కొత్తది ట్రేలో పెట్టి ఒక క్లాంపు బిగించారు. రెండో క్లాంపు ఇలా తగిలిందో లేదో, 'ఫట్'మని పెద్ద నిప్పురవ్వ. కాలిన వాసన. తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు మీద ఒక్క లైటూ వెలగలేదు. అప్పుడు వంగి చూస్తే తెలిసింది, ఎర్ర వైరు మైనస్ మీద ఉంది.

ఈ పొరపాటు ఇంట్లో సొంతంగా బ్యాటరీ మార్చుకునేవాళ్లకే కాదు, చేయి తిరిగిన మెకానిక్‌లకూ జరుగుతుంది. ఆ వెంటనే యజమానికి వినిపించే మాట దాదాపు ఒకటే: "ఈసీయూ పోయి ఉంటుంది సార్." ఇంజిన్‌ను నడిపే కంప్యూటరే ఈసీయూ. దాని ధర వేలల్లో ఉంటుంది, ఖరీదైన కార్లలో లక్ష కూడా దాటుతుంది.

అది నిజంగానే పోయి ఉండొచ్చు. కానీ ఆ మాట అనడానికి ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి. వాటిలో మొదటిది కొన్ని వందల రూపాయలకు దొరికే ఫ్యూజు. ఏది ముందు చూస్తారు, ఏది తర్వాత చూస్తారు అన్నదాన్ని బట్టే చాలాసార్లు బిల్లు మారిపోతుంది.

ఆ ఒక్క క్షణంలో ఏం జరిగింది?

కారులో బ్యాటరీని ఛార్జ్ చేసేది ఆల్టర్నేటర్. మన మెకానిక్‌లలో చాలామంది ఇప్పటికీ 'డైనమో' అనే అంటారు. అది పుట్టించేది ఏసీ కరెంటు. దాన్ని డీసీగా మార్చడానికి లోపల డయోడ్లు ఉంటాయి, సాధారణంగా మూడు జతలు. డయోడ్ అంటే కరెంటును ఒకే దిశలో పోనిచ్చే కవాటం లాంటిది.

బ్యాటరీ సరిగ్గా ఉన్నంతకాలం ఈ డయోడ్లు బ్యాటరీ నుంచి వెనక్కి వచ్చే కరెంటును ఆపుతాయి. ప్లస్, మైనస్ తారుమారైతే మాత్రం అవి తెరిచిన తలుపులే. తాళం తీసేసి ఉన్నా ఫర్వాలేదు, ఆల్టర్నేటర్ వైరు నేరుగా బ్యాటరీకి కలిసే ఉంటుంది కదా. ఒక జత డయోడ్లు అడ్డుకునేది మహా అయితే రెండు వోల్టులు. మిగతా పది వోల్టుల ఒత్తిడితో కొన్ని వందల ఆంపియర్ల కరెంటు ఆ దారిలో పరుగెత్తుతుంది. సెల్లార్‌లో కనిపించిన నిప్పురవ్వ అదే.

ఈ దారిలోనే చాలా కార్లలో ఒక పెద్ద ఫ్యూజు ఉంటుంది, 80 నుంచి 120 ఆంపియర్లది. కొన్నిట్లో ఇంకా పెద్దది. అది కరిగిపోయి దారి తెగితే కారు పూర్తిగా మూగబోతుంది. చూసేవాళ్లకు సర్వనాశనం జరిగినట్టు కనిపించే ఆ నిశ్శబ్దం చాలాసార్లు శుభవార్తే. ఫ్యూజు తన పని తాను చేసిందన్నమాట.

ఇంకో విషయం ఉంది. డయోడ్లు కరెంటును తమ వైపు లాక్కుంటున్నంతసేపూ మిగతా కారు మీద పడే తిరగబడ్డ వోల్టేజీ బాగా తగ్గిపోతుంది. వాహనాల ఎలక్ట్రానిక్ పరికరాల పరీక్షలకు ప్రమాణమైన ఐఎస్‌ఓ 16750-2లో దీనికి లెక్క కూడా ఉంది. ఆల్టర్నేటర్ దారిలో ఫ్యూజు లేకుండా, డయోడ్లే ఆ భారాన్ని తట్టుకునే వాహనాలైతే పరికరాన్ని 4 వోల్టుల తిరగబడ్డ వోల్టేజీతో పరీక్షిస్తారు. మిగతా 12 వోల్టుల వాహనాలకు 14 వోల్టులతో. రెండు సందర్భాల్లోనూ సమయం 60 సెకన్లు.

అంటే బ్యాటరీని తిరగేసి పెట్టేవాళ్లు ఉంటారని తయారీదారులకు ముందే తెలుసు. ఈ ప్రమాణం ప్రకారం తయారైన ఈసీయూ ఒక నిప్పురవ్వకే చచ్చిపోవాలని ఏమీ లేదు. చిక్కంతా తర్వాత బిగించిన పరికరాలతోనే. బయట కొన్న స్టీరియో, డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, అలారం లాంటివాటిని ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపి ఉంటే ముందు కాలేవి అవే. (అద్దం మీది ఫాస్టాగ్‌కు ఏమీ కాదు. దానికి బ్యాటరీతో సంబంధమే లేదు.)

అసలు తారుమారు ఎలా అవుతుంది?

రంగులు చూసుకోకపోవడం ఒక్కటే కారణం కాదు. మన దగ్గర చాలా కార్లలో వాడే బ్యాటరీల మీద 42బీ20ఎల్, 42బీ20ఆర్ లాంటి కోడ్‌లు కనిపిస్తాయి. ఇది జపాన్ ప్రమాణమైన జేఐఎస్ పద్ధతి. చివర్లో ఉన్న ఎల్, ఆర్ అక్షరాలు ప్లస్ పోలు ఏ వైపు ఉందో చెబుతాయి. మిగతా అంతా ఒకేలా ఉంటుంది. ఎల్ ఉండాల్సిన చోట ఆర్ వస్తే ట్రేలో చక్కగా కూర్చుంటుంది, పోల్స్ మాత్రం అటూ ఇటూ అవుతాయి. పాత బ్యాటరీ ఎలా ఉందో గుర్తుపెట్టుకుని చేయి అలవాటుగా బిగించేస్తుంది.

దీన్ని ఆపడానికే ప్లస్ పోలును మైనస్ కన్నా కాస్త లావుగా చేస్తారు. మైనస్ క్లాంపు ప్లస్ పోలు మీదకు సులువుగా దిగదు. ప్లస్ క్లాంపు మైనస్ మీద వదులుగా ఆడుతుంది. కొత్త బ్యాటరీ బిగించేటప్పుడు క్లాంపును సుత్తితో కొట్టాల్సి వస్తే అక్కడే ఆగి చూడాలి. పాత వాహనాల్లో ఈ రక్షణ కూడా మిగలదు. క్లాంపులు మార్చేసి ఉంటారు, రెండు వైర్లూ నల్లగా ఉంటాయి, ఎర్ర తొడుగు ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది.

అరుదుగా ఇంకో విచిత్రం జరుగుతుంది. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని షాపులో ఛార్జింగ్‌కు పెట్టేటప్పుడు తిరగేసి కలిపితే అది తిరగబడే ఛార్జ్ అవుతుంది. ప్లస్ అని రాసి ఉన్న చోట మైనస్ ఉంటుంది. దాన్ని కారులో ఎంత జాగ్రత్తగా, రంగులన్నీ సరిచూసి బిగించినా ఫలితం అదే నిప్పురవ్వ. ఛార్జింగ్ నుంచి తెచ్చిన బ్యాటరీకి మల్టీమీటర్ పెట్టి చూడటం ఒక్క నిమిషం పని. ఎర్ర ప్రోబ్ ప్లస్ మీద, నల్లది మైనస్ మీద పెట్టినప్పుడు అంకె ముందు మైనస్ గుర్తు కనిపిస్తే ఆ బ్యాటరీని వాడకూడదు.

మొదటి అరగంట

వెంటనే క్లాంపులు తీసేయాలి, వాహనం బాడీకి కలిసే మైనస్ వైరు ముందు. ఆ వెంటనే సరిగ్గా బిగించి "స్టార్ట్ అవుతుందేమో చూద్దాం" అనుకోవడం దగ్గరే చాలామంది రెండో తప్పు చేస్తారు. లోపల ఏదైనా షార్ట్ అయి ఉంటే, సరైన దిశలో కలిపిన బ్యాటరీ కూడా దాన్ని కాలుస్తుంది.

బ్యాటరీని బయటికి తీసి చూడాలి. పక్కలు ఉబ్బాయా? చేయి పెట్టలేనంత వేడిగా ఉందా? కుళ్లిన గుడ్డు వాసన వస్తోందా? వీటిలో ఏది ఉన్నా దాన్ని గాలి తగిలే చోట వదిలేసి దూరంగా ఉండటం మంచిది. లోపల ఉండేది సల్ఫ్యూరిక్ యాసిడ్, బయటికి వచ్చే వాయువుల్లో హైడ్రోజన్ ఉంటుంది. కళ్లద్దాలు పెట్టుకోకుండా దాని మీదకు వంగకూడదు, దగ్గర్లో అగ్గిపుల్ల వెలిగించకూడదు.

బ్యాటరీ బాగానే కనిపిస్తే మీటర్ పెట్టాలి. పూర్తి ఛార్జ్‌లో ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. 12.4 దగ్గర ఉంటే ముప్పావు వంతు ఛార్జ్. 12 కన్నా తక్కువైతే దాదాపు ఖాళీ. ఛార్జ్ చేశాక కూడా పదిన్నర దగ్గరే నిలబడితే ఆరు సెల్స్‌లో ఒకటి పోయిందని అనుమానించాలి. కొన్ని సెకన్ల తారుమారుకు మంచి బ్యాటరీ సాధారణంగా బతికే ఉంటుంది.

ఇప్పుడు ఫ్యూజులు, బ్యాటరీ ఇంకా బయటే ఉండగానే. పెద్ద ఫ్యూజు బోనెట్ కింద ఉన్న పెట్టెలో కానీ, ప్లస్ క్లాంపు మీదే కానీ ఉంటుంది. చిన్న ఫ్యూజుల్లా లాగితే రాదు, చాలా కార్లలో స్క్రూలతో బిగించి ఉంటుంది. పైనున్న పారదర్శక మూతలోంచి చూస్తే లోపలి పట్టీ తెగినట్టు తెలిసిపోతుంది. తెలియకపోతే మీటర్‌లో కంటిన్యుటీ పెట్టి చూడాలి. కొన్ని పాత వాహనాల్లో ఫ్యూజుకు బదులు ఫ్యూజిబుల్ లింక్ అనే వైరు ముక్క ఉంటుంది. పైన తొడుగు బాగానే ఉంటుంది, లోపలి తీగ కరిగిపోయి ఉంటుంది. పట్టుకుని మెల్లగా లాగితే రబ్బరులా సాగుతుంది.

పోయిన ఫ్యూజు స్థానంలో అదే ఆంపియర్లది వేయాలి. దొరకలేదని రాగి తీగ చుట్టడం, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం పెట్టడం మన రోడ్ల మీద పాత విద్యే. మామూలు రోజుల్లో అది నిర్లక్ష్యం. బ్యాటరీ తిరగేసిన తర్వాత అయితే ఏకంగా నిప్పుతో చెలగాటం. షార్ట్ అయిన డయోడ్ ఆల్టర్నేటర్‌లో ఉంటే, ఆ రాగి తీగ మీదుగా వచ్చే కరెంటును ఆపేది ఇక ఏదీ ఉండదు.

అందుకే కొత్త ఫ్యూజు వేసే ముందు ఆల్టర్నేటర్‌ను ఒకసారి చూసుకోవాలి. దాని వెనకున్న లావు వైరు విప్పి, మీటర్‌ను డయోడ్ టెస్ట్‌లో పెట్టాలి. ఎర్ర ప్రోబ్ ఆల్టర్నేటర్ బాడీకి, నల్ల ప్రోబ్ ఆ బోల్టుకు తగిలిస్తే ఒక వోల్టుకు అటూ ఇటూగా అంకె రావాలి. ప్రోబ్‌లు మారిస్తే ఏమీ రాకూడదు. రెండు వైపులా సున్నా దగ్గర చూపిస్తూ బీప్ కొడితే డయోడ్లు షార్ట్ అయినట్టే. అప్పుడు కూడా మొత్తం ఆల్టర్నేటర్ మార్చక్కర్లేదు. చాలా మోడళ్లకు డయోడ్ ప్లేట్ విడిగా దొరుకుతుంది, ఆటో ఎలక్ట్రీషియన్లు దాన్నొక్కటే మారుస్తారు.

21 వాట్ల బల్బు చేసే పని

పాతకాలపు ఎలక్ట్రీషియన్ల దగ్గర ఒక చిట్కా ఉంది. స్కానర్లు వచ్చాక దాన్ని కాస్త మరిచిపోయారు కానీ, ఇలాంటి సందర్భంలో దానికి మించింది లేదు.

ప్లస్ వైరును సరిగ్గా బిగించాలి. మైనస్ వైరును నేరుగా పోలుకు బిగించకుండా, రెంటికీ మధ్య ఇండికేటర్‌లో వాడే 12 వోల్టుల, 21 వాట్ల ఫిలమెంట్ బల్బును కలపాలి. తాళం తీసేసి ఉండాలి, తలుపులు మూసి ఉండాలి. ఇప్పుడు కారులోకి ఎంత కరెంటు పోవాలన్నా ఈ బల్బులోంచే పోవాలి. లోపల పూర్తి షార్ట్ ఉన్నా సరే రెండు ఆంపియర్లు దాటదు, ఏదీ కాలదు.

బల్బు పూర్తి కాంతితో వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది. అప్పుడు ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీస్తూ పోవాలి. ఏది తీసినప్పుడు బల్బు ఆరిపోతుందో తప్పు ఆ లైన్లో ఉంది. కాసేపు వెలిగి మసకబారితే, లేదా ఆరిపోతే భయం లేదు. కలిపిన వెంటనే కంప్యూటర్లు మేల్కొని కాస్త కరెంటు తీసుకోవడం మామూలే. అప్పుడు బల్బు తీసేసి క్లాంపు బిగించవచ్చు.

ఈసీయూ పోయిందని ఎప్పుడు నమ్మాలి?

తాళం ఆన్ చేస్తే లైట్లు వెలుగుతున్నాయి, ఇంజిన్ మాత్రం స్టార్ట్ కావడం లేదు. స్కానర్ పెడితే 'యు0100' అనే కోడ్ వస్తోంది. అంటే ఇంజిన్ కంప్యూటర్‌తో సంబంధం తెగిపోయిందని. చాలామంది 'ఈసీయూ మార్చాలి' అని తేల్చేసేది ఇక్కడే. నిజానికి ఆ కోడ్ చెప్పేది కంప్యూటర్ మాట్లాడటం లేదని మాత్రమే, చచ్చిపోయిందని కాదు. దానికి కరెంటు అందకపోయినా అదే కోడ్ వస్తుంది.

కాబట్టి ముందు ఈసీయూకు వెళ్లే ఫ్యూజులు, మెయిన్ రిలే, దాని ప్లగ్గు దగ్గర 12 వోల్టులు అందుతున్నాయా, ఎర్త్ సరిగా ఉందా అన్నవి చూడాలి. ఇవన్నీ సరిగా ఉండి కూడా అది మాట్లాడకపోతే అప్పుడు అనుమానించడంలో న్యాయం ఉంది.

ఫ్యూజు వేసిన ప్రతిసారీ కాలిపోతుంటే అది వేరే కథ. చాలా ఎలక్ట్రానిక్ బోర్డుల్లో కరెంటు లోపలికి వచ్చే చోట రక్షణ డయోడ్ ఒకటి ఉంటుంది. తిరగబడ్డ కరెంటు వస్తే తనలోంచి పోనిచ్చి ఫ్యూజును తెంపేయడమే దాని పని. ఆ క్రమంలో అదే షార్ట్ అయిపోతుంది. మిగతా బోర్డంతా బాగానే ఉంటుంది. బోర్డు స్థాయిలో రిపేరు చేయగల టెక్నీషియన్ ఆ చిన్న భాగాన్ని మార్చి బాగు చేయవచ్చు. పైన ఉబ్బిన కెపాసిటర్లు కనిపిస్తే వాటినీ మారుస్తారు. కొత్త ఈసీయూ కొంటే ఖర్చు దానితో ఆగదు, తాళంలోని ఇమ్మొబిలైజర్ చిప్‌తో దాన్ని జత చేయించాలి.

స్టార్ట్ అయింది కదా, అయిపోయినట్టేనా?

కాదు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. పన్నెండున్నర దగ్గర నిలిచి మెల్లగా దిగుతుంటే ఆల్టర్నేటర్ ఛార్జ్ చేయడం లేదు. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే ఛార్జింగ్‌ను పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది కాబట్టి, హెడ్‌లైట్లు, ఏసీ వేసి చూశాకే ఒక నిర్ణయానికి రావాలి. అలాగే మీటర్‌ను ఏసీ వోల్టేజీకి మార్చి చూస్తే అర వోల్టు కన్నా ఎక్కువ కనిపించకూడదు. కనిపిస్తే ఒక డయోడ్ దెబ్బతిన్నట్టే.

సగం పాడైన డయోడ్ వెంటనే బయటపడదు. కారు బాగానే నడుస్తుంది. రెండు రోజులు నిలిపి ఉంచితే బ్యాటరీ దిగిపోతుంది. అప్పుడు నింద కొత్త బ్యాటరీ మీద పడుతుంది. రాత్రంతా నిలిపి ఉంచిన కారులో తెల్లవారుజామున ఆల్టర్నేటర్ మీద చేయి పెట్టి చూస్తే, చల్లగా ఉండాల్సింది గోరువెచ్చగా తగిలితే దొంగ అక్కడే ఉన్నాడు.

బైకులు, ఈ-రిక్షాలు, లారీలు

బైకులో ఏముంది పోవడానికి అనే మాట కార్బ్యురేటర్ కాలం నాటిది. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 నిబంధనల తర్వాత చాలా బైకుల్లో, స్కూటర్లలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, దాంతోపాటే ఈసీయూ కూడా. పైగా బైకు బ్యాటరీకి ఒకేలాంటి బోల్టులు, సన్నటి వైర్లు ఉంటాయి, ఎటు బిగించినా బిగుస్తుంది. అయితే చూసే క్రమం మాత్రం అదే. బ్యాటరీ పక్కనే ఉండే మెయిన్ ఫ్యూజు, తర్వాత రెగ్యులేటర్-రెక్టిఫయర్ యూనిట్, చివర్లో ఈసీయూ.

ఈ-రిక్షాలో చిక్కు ఇంకోలా ఉంటుంది. అందులో 12 వోల్టుల బ్యాటరీలు నాలుగింటిని వరుసగా కలిపి 48 వోల్టులు తెస్తారు. ఒక్కటి తిరగేస్తే 48 కాస్తా 24 అవుతుంది. నిప్పురవ్వ ఉండదు, బండి కదలదు, అంతే. కారణం తెలియక రాత్రి ఛార్జింగ్‌కు పెడితే తిరగబడ్డ బ్యాటరీ తలకిందులుగా ఛార్జ్ అవుతూ పాడవుతుంది, మిగతా మూడూ వేడెక్కుతాయి. రెండు బ్యాటరీలుండే 24 వోల్టుల లారీలో ఒకటి తిరగేస్తే మొత్తం సున్నా.

రోడ్డు మీద అన్నిటికన్నా ప్రమాదకరమైనది జంప్ స్టార్ట్‌లో జరిగే తారుమారు. ఇక్కడ రెండు బ్యాటరీలూ వరుసలో కలిసి, పాతిక వోల్టుల దాకా ఒత్తిడి కేబుల్ మీదే పడుతుంది. కేబుల్ కరుగుతుంది, బ్యాటరీ పేలవచ్చు, సాయానికి ఆగిన వాహనం కూడా దెబ్బతింటుంది. చివరి మైనస్ క్లిప్పును బ్యాటరీకి కాకుండా, దానికి దూరంగా ఇంజిన్ ఇనుముకు తగిలించమని చెప్పేది ఆ నిప్పురవ్వ హైడ్రోజన్‌కు దూరంగా ఉండాలనే.

డబ్బు ఎవరు పెట్టుకోవాలి?

దీని మీద బీమా ఆశ పెద్దగా పెట్టుకోవద్దు. మన దేశంలోని ప్రామాణిక మోటార్ పాలసీ సొంత వాహన నష్టం భాగంలో మెకానికల్, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌ను మినహాయిస్తుంది. మంటలు, పేలుడు మాత్రం కవరేజీలో ఉంటాయి. అంటే వైరింగ్ అంటుకుని కారు కాలితే క్లెయిమ్‌కు అవకాశం ఉంది, ఈసీయూ నిశ్శబ్దంగా పోతే లేదు. వినేందుకు వింతగా ఉన్నా నిబంధన అదే. తయారీదారు వారంటీ కూడా తప్పుగా బిగించడం వల్ల వచ్చిన నష్టానికి సాధారణంగా వర్తించదు.

తిరగేసి బిగించింది డబ్బు తీసుకున్న షాపో, ఇంటికి వచ్చిన వాళ్ల మనిషో అయితే లెక్క వేరు. వినియోగదారుల రక్షణ చట్టం-2019 కింద అది సేవాలోపం. ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. తేలకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే అక్కడ ఫీజు లేదు.

అయితే అక్కడ మాట కన్నా కాగితం ఎక్కువ చెల్లుతుంది. బ్యాటరీ బిల్లు, తేదీ, వచ్చిన మనిషితో జరిగిన మెసేజ్‌లు ఉండాలి. క్లాంపులు తీయకముందే వైర్లు ఎటు ఉన్నాయో కనిపించేలా తీసిన ఫోటో అన్నిటికన్నా బలమైనది, కానీ మంట, పొగ కనిపిస్తే మాత్రం ఫోటో కోసం ఆగకూడదు. రిపేరు చేసిన గ్యారేజీ నుంచి జాబ్‌కార్డుతో పాటు తీసేసిన పాత భాగాలు కూడా అడిగి తెచ్చుకోవాలి. కాలిన ఫ్యూజు, డయోడ్ ప్లేటు, పాత ఈసీయూ అన్నీ. ఈసీయూ నిజంగా పోయిందో లేదో ఇంకొకరికి చూపించుకోవాలన్నా చేతిలో ఉండాల్సింది అదే.